పుస్కాస్ కోచ్‌గా జీరో ఏమీ కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ క్రీడా పేజీలో పుస్కాస్ అవార్డు వార్త పక్కన చిన్న బాక్స్ ఒకటి వేశారు. ఏడాది మొత్తంలో అందమైన గోల్‌కి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఇచ్చే అవార్డు అది, 2009లో మొదలుపెట్టారు, మొదటిది క్రిస్టియానో రొనాల్డోకి దక్కింది. అంతవరకు బాగానే ఉంది. ఎటొచ్చీ అసలు ఆ పుస్కాస్ ఎవరు అని రాసిన నాలుగు లైన్లలో ఆఖరి లైను చదివేసరికి ఒళ్లు మండింది. "ఆటగాడిగా హీరో, కోచ్‌గా జీరో" అట. ప్రాస భలే కుదిరింది కానీ ప్రాస కుదిరిందని మనిషి జీవితంలో సగాన్ని చెత్తబుట్టలో పడేస్తే ఎలాగండీ? పాతికేళ్లకు పైగా, దేశం తర్వాత దేశం తిరుగుతూ కోచింగ్ చేసిన మనిషి ఆయన. ఆ సగమే నాకు ఎక్కువ ఇష్టం, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే ఆటగాడిగా ఉన్న కాలాన్నే కత్తిరించండి, అది ఎక్కడైనా దొరుకుతుంది.

నేను విలేకరినీ కాను, కోచ్‌నీ కాను. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగి, జింఖానా గ్రౌండ్ పక్కన నిలబడి లీగ్ మ్యాచ్‌లు చూసిన బాపతు. ఇంట్లో ఇప్పటికీ అందరూ క్రికెట్ పెట్టుకుంటే నేను ఫోన్‌లో ఫుట్‌బాల్ చూస్తుంటాను.

ముందు ఆట సంగతి గబగబా చెప్పేస్తాను. ఫెరెంక్ పుస్కాస్ 1927లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. పెరిగింది కిష్పెష్ట్ అనే శివారులో. నాన్న అక్కడి క్లబ్బుకే కోచ్. పన్నెండేళ్లు నిండనిదే క్లబ్బులో ఆడనివ్వరు కాబట్టి మిక్లోష్ కోవాచ్ అనే దొంగ పేరుతో ఆడించారు. (మన జూనియర్ టోర్నమెంట్లలో వయసు ఎక్కువ ఉన్నవాణ్ణి తక్కువ చేసి చూపిస్తారు, అక్కడ తిరగేసి చేశారన్నమాట.) 1949లో ఆ క్లబ్బుని సైన్యం తీసేసుకుని హోన్వెద్ అని పేరు మార్చింది, ఆటగాళ్లందరికీ ర్యాంకులు ఇచ్చింది. మనవాడు పోనుపోను మేజర్ అయ్యాడు, యుద్ధం మొహం చూడని మేజర్. హంగేరీకి 85 మ్యాచ్‌ల్లో 84 గోల్స్ కొట్టాడు.

1953 నవంబర్ 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించిన మ్యాచ్‌లో ఆయన గోల్ ఒకటి వీడియో దొరుకుతుంది, చూడండి. గోల్‌కి దగ్గరగా, కుడివైపు బంతి అందింది. ఇంగ్లండ్ కెప్టెన్ బిలీ రైట్ అడ్డంగా జారుతూ మీదికి వచ్చాడు. పుస్కాస్ ఎడమకాలి అరికాలితో బంతిని వెనక్కి లాగాడంతే, రైట్ ఆ జారుడులోనే అలా పక్కకి వెళ్లిపోయాడు, అదే కాలితో ఠపీమని కొడితే దగ్గరి పోస్టు లోపలికి. అన్నీ ఎడమకాలితోనే. కుడికాలు నిలబడటానికి మాత్రమే అన్నట్టు ఆడేవాడు. అప్పటిదాకా ఇంగ్లండ్ సొంతగడ్డ మీద బ్రిటిష్ దీవుల బయటి జట్టు చేతిలో ఓడింది లేదు. ఆర్నెల్లు తిరగకుండానే బుడాపెస్ట్‌లో 7-1. ఆ తర్వాత 1954 వరల్డ్ కప్ ఫైనల్, 1950 నుంచి ఓటమి ఎరగని జట్టు, ఎనిమిది నిమిషాలకే 2-0తో ముందున్న జట్టు, పశ్చిమ జర్మనీ చేతిలో 2-3తో ఓడిపోయింది. చీలమండ దెబ్బతోనే దిగిన పుస్కాస్ చివర్లో కొట్టిన గోల్‌ని ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. దాని గురించి ఇప్పటికీ కొట్టుకుంటారు. అక్కడికి ఆపేస్తాను.

ఇక వలస సంగతి. 1956 అక్టోబర్‌లో హంగేరీలో తిరుగుబాటు వచ్చింది, నవంబర్‌లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగాయి. ఆ సమయంలో హోన్వెద్ జట్టు దేశం బయట ఉంది, యూరోపియన్ కప్ (యూరప్ దేశాల చాంపియన్ క్లబ్బుల టోర్నమెంట్) కోసం. స్పెయిన్‌లోని బిల్బావోలో ఆడిన మొదటి మ్యాచ్ 2-3తో పోయింది. రెండో మ్యాచ్ సొంత ఊళ్లో ఆడాలి, కానీ ఊరే లేదుగా, అందుకని డిసెంబర్‌లో బ్రసెల్స్‌లో ఆడారు. గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలింది. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. వింగర్ సిబోర్ వెళ్లి గోల్‌లో నిలబడ్డాడు. అలా పదిమందితో ఆడి కూడా 3-3 చేశారు, అయినా కలిపి చూస్తే ఒక్క గోల్ తేడాతో బయటికి. తర్వాత జట్టు ఇటలీ, పోర్చుగల్, స్పెయిన్, బ్రెజిల్ తిరుగుతూ డబ్బుల కోసం మ్యాచ్‌లు ఆడింది. వద్దని ఫిఫా చెప్పినా వినలేదు. ఆ టూర్ అయ్యాక కొందరు ఇంటికి వెళ్లిపోయారు, చిన్నప్పటి నుంచి పక్కింటి దోస్తు అయిన బోజిక్‌తో సహా. సహచరులు సిబోర్, కోచిష్ తర్వాత బార్సిలోనా చేరారు. పుస్కాస్ వెళ్లలేదు. భార్య, చిన్న కూతురు సరిహద్దు దాటి ఆస్ట్రియా వచ్చేసి ఆయన్ని కలుసుకున్నారు.

ఇక్కడ నుంచి కథ మన ఇళ్లలో చాలామందికి తెలిసిన కథే. సొంత దేశం వాళ్లు పారిపోయిన సైనికుడు అన్నారు, ఫిఫా నిషేధం వేసింది, ఏ క్లబ్బూ తీసుకోదు, తీసుకుందామన్నా ఆడనివ్వరు. వయసు ముప్ఫై దాటింది. ఒళ్లు పెరిగింది. అమెరికాలో ప్రాజెక్ట్ పోయి, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ బెంచ్ మీద కూర్చున్న మన పిల్లల పరిస్థితి ఉంటుంది చూడండి, దాదాపు అలాంటిదే, కాకపోతే ఈయన ప్రపంచమంతా తెలిసిన మనిషి కాబట్టి లావయ్యాడన్న సంగతి కూడా ప్రపంచమంతా తెలిసింది. ఇటలీ క్లబ్బులు ఆ పొట్ట చూసి వద్దన్నాయి. 1958లో రియల్ మాడ్రిడ్ తీసుకుంది, హోన్వెద్‌లో మేనేజర్‌గా పనిచేసిన ఎమిల్ ఆస్టర్‌రైషర్ అప్పటికే అక్కడ ఉన్నాడు, ఆయన చలవ. అప్పుడు పుస్కాస్ వయసు 31, ఉండాల్సిన దానికంటే 18 కిలోలు ఎక్కువ బరువు. అక్కడి నుంచి స్పెయిన్ లీగ్‌లో 180 మ్యాచ్‌ల్లో 156 గోల్స్, నాలుగుసార్లు టాప్ స్కోరర్.

1960 మేలో గ్లాస్గోలో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్, ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద 7-3, పుస్కాస్ నాలుగు, సహచరుడు డి స్టెఫానో మూడు, ఇది అందరూ రాస్తారు. ఆ మ్యాచ్ జరగడానికి ముందు ఆయన క్షమాపణ ఉత్తరం రాయాల్సి వచ్చిందన్నది ఎక్కువమంది రాయరు. 1954 ఫైనల్లో జర్మన్లు మందులు వాడారని ఎప్పుడో నోరు జారాడు, దాంతో పుస్కాస్ ఉన్న జట్టుతో ఆడొద్దని జర్మన్ సంఘం తన క్లబ్బులకి చెప్పేసింది. ఉత్తరం రాసి, సారీ చెప్పి, ఆ తర్వాత ఆ జర్మన్ క్లబ్బు మీదే నాలుగు కొట్టాడు. 1962లో పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికా మీద ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టి కూడా ఓడిపోయాడు. అదే ఏడాది స్పెయిన్ తరఫున వరల్డ్ కప్ ఆడాడు. 1966లో ఆట మానేశాడు.

మీ బాక్స్ రాసిన వ్యక్తికి ఇక్కడ నుంచి ఆసక్తి పోయింది. నాకు ఇక్కడే మొదలవుతుంది.

రియల్ మాడ్రిడ్‌కి అన్ని చేసిన మనిషికి ఆ క్లబ్బు కోచ్ పదవి ఎప్పుడూ దక్కలేదు. ఎక్కడెక్కడ పనిచేశాడో చూడండి: స్పెయిన్‌లో చిన్న క్లబ్బులు, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో, కెనడాలో వాంకూవర్, గ్రీస్, చిలీ, సౌదీ అరేబియా, ఈజిప్టు, పరాగ్వే, ఆస్ట్రేలియా, ఆఖర్న సొంత దేశం హంగేరీ. ఇది ఒక కోచ్ కెరీర్‌లా లేదు, గల్ఫ్‌కి వెళ్లిన మనవాళ్ల పాస్‌పోర్టులా ఉంది. ఎక్కడ పని దొరికితే అక్కడికి పెట్టె సర్దుకుని వెళ్లడమే. వాంకూవర్‌లో అయితే ఇంకో చిత్రం. అక్కడ అప్పటికే కోచ్‌గా ఉన్నది బాబీ రాబ్సన్, తర్వాత ఇంగ్లండ్‌కి మేనేజర్ అయిన పెద్దాయన. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు యజమానులు వాంకూవర్ వాళ్లతో కలిసిపోయి తమతో పాటు పుస్కాస్‌ని తెచ్చుకుంటే, ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, రాబ్సన్ వదిలేసి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. పుస్కాస్ కూడా అక్కడ ఎక్కువ కాలం లేడు.

ఏథెన్స్ సంగతి వేరు. 1970లో పనథినైకోస్ క్లబ్బుకి కోచ్‌గా వెళ్లాడు. అప్పుడు గ్రీస్‌లో సైనిక ప్రభుత్వం, అంటే ట్యాంకుల నుంచి తప్పించుకున్న మనిషి మళ్లీ ట్యాంకుల రాజ్యంలోకే ఉద్యోగానికి వెళ్లాడు, ఉద్యోగం అలాంటిది మరి. అప్పటికి ఏ గ్రీకు క్లబ్బూ యూరోపియన్ కప్‌లో క్వార్టర్స్ దాటి వెళ్లలేదు. ఆటగాళ్లు పూర్తి ప్రొఫెషనల్స్ కూడా కాదు. ఆ జట్టుతో 1970-71లో క్వార్టర్స్‌లో ఇంగ్లండ్ చాంపియన్ ఎవర్టన్‌ని దాటాడు, వాళ్ల ఊళ్లో 1-1, ఏథెన్స్‌లో 0-0, లెక్క సమమైతే ఎదుటివాళ్ల ఊళ్లో కొట్టిన గోల్‌కి విలువ ఎక్కువ, అదే కలిసొచ్చింది. సెమీస్‌లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్. మొదటి మ్యాచ్ బెల్‌గ్రేడ్‌లో 1-4. అక్కడితో అయిపోయింది అనుకుంటాం ఎవరమైనా. రెండో మ్యాచ్ ఏథెన్స్‌లో ఆంటోనియాడిస్ రెండు, కమారాస్ ఒకటి, 3-0. కలిపితే 4-4. బెల్‌గ్రేడ్‌లో పడిన ఆ ఒక్క గోల్ దయతో ఫైనల్.

ఫైనల్ ఎక్కడో తెలుసా? వెంబ్లీ. పద్దెనిమిదేళ్ల క్రితం బిలీ రైట్‌ని పక్కకి పంపించిన గ్రౌండే. ఈసారి సూటు వేసుకుని బెంచ్ దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా నెదర్లాండ్స్ క్లబ్బు అజాక్స్, అంటే క్రైఫ్, నీస్కెన్స్ లాంటి ఆటగాళ్లు, కోచ్ రైనస్ మిషెల్స్. 1971 జూన్ 2. మొదట్లో ఒక గోల్, చివర్లో ఒక గోల్, 0-2తో ఓడిపోయారు. అజాక్స్‌కి అది వరుసగా మూడు కప్పుల్లో మొదటిది. ఆ టోర్నమెంట్ మొత్తానికి టాప్ స్కోరర్ మాత్రం అజాక్స్ వాడు కాదు, పనథినైకోస్ ఆంటోనియాడిస్, పది గోల్స్. ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంకో గ్రీకు క్లబ్బు ఆ కప్పు ఫైనల్ మొహం చూడలేదు. దీన్ని జీరో అంటే, సున్నా విలువ బాగా పెరిగిందనుకోవాలి. మరుసటి ఏడాది గ్రీకు లీగ్ కూడా గెలిపించాడు.

నిజం చెప్పాలంటే మిగతా చోట్ల పెద్దగా ఏమీ లేదు. స్పెయిన్‌లో ముర్సియా, చిలీలో కోలో-కోలో, సౌదీ, మళ్లీ ఏథెన్స్‌లో ఏఈకే క్లబ్బు, ఈజిప్టులో పోర్ట్ సయీద్ క్లబ్బు అల్ మస్రీ, పరాగ్వేలో రెండు క్లబ్బులు. పోర్ట్ సయీద్‌లో మాత్రం ఆయన పేరు ఇంకా చెప్పుకుంటారు. పుస్కాస్ గొప్ప వ్యూహకర్త అని నేను వాదించట్లేదు, మిషెల్స్ పక్కన నిలబెట్టట్లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒకటే సూత్రం, ముందుకెళ్లి ఆడదాం, వాళ్లకంటే ఒకటి ఎక్కువ కొడదాం. ఆ సూత్రంతో ఎన్ని గెలుస్తామో అన్ని ఓడతాం కూడా. కానీ కోచ్‌ని కొలిచేది కప్పులతోనే అయితే మెల్‌బోర్న్‌లో జరిగినదాన్ని ఏ ఖాతాలో రాయాలి?

1989లో, అరవై దాటాక, ఆస్ట్రేలియాలో సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్ అనే క్లబ్బుకి కోచ్‌గా వెళ్లాడు. గ్రీకు వలసదారులు పెట్టుకున్న క్లబ్బు అది. ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో పనిచేసే తండ్రులు ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, సొంత భాషలో అరుచుకుని, తిట్టుకుని, తిని వెళ్లే చోటు. అప్పటి ఆస్ట్రేలియా లీగ్‌లో సగం క్లబ్బులు ఇలాంటివే, గ్రీకులది ఒకటి, క్రొయేషియన్లది ఒకటి, ఇటాలియన్లది ఒకటి. అక్కడి తెల్లవాళ్లకి అది వలసోళ్ల ఆట, పేపర్లో మూలన వేసే ఆట. అలాంటి చోటికి ప్రపంచంలో అతి గొప్ప ఫుట్‌బాలర్లలో ఒకడు వచ్చి ట్రాక్ సూట్ వేసుకుని నిలబడ్డాడు. ఆయనకి ఇంగ్లిష్ సరిగా రాదు. కానీ ఏథెన్స్‌లో ఉన్నప్పుడు పట్టుబడిన గ్రీకు ఉంది.

ఆ జట్టు కెప్టెన్, డిఫెండర్, ఆంజ్ పోస్టెకోగ్లూ అనే కుర్రాడు. వాళ్ల కుటుంబం ఏథెన్స్ నుంచి ఓడలో వచ్చి దిగేసరికి అతని వయసు ఐదేళ్లు. వాళ్ల నాన్నకి ఈ క్లబ్బే ప్రాణం. ఇంట్లో మాట్లాడే గ్రీకు వచ్చు కాబట్టి పుస్కాస్‌కి దుబాసీ అతనే, డ్రైవర్ కూడా అతనే. డొక్కు డాట్సన్ కారు ఒకటి ఉండేది అతనికి. యూరోపియన్ కప్ ఫైనల్లో నాలుగు గోల్స్ కొట్టిన మనిషిని ఆ డొక్కులో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ప్రాక్టీసుకి తీసుకెళ్లడం, తీసుకురావడం, దారంతా ఫుట్‌బాల్ కబుర్లు. ఇదండీ కోచింగ్ స్కూలంటే. డబ్బు కట్టి లైసెన్స్ కోర్సులు చేసినవాళ్లకి ఆ పక్క సీటు దొరుకుతుందా?

పుస్కాస్ అక్కడ ఇద్దరు వింగర్లతో ఆడించాడు. వింగర్లు వెనక్కి వచ్చి డిఫెన్స్‌కి సాయం చేయక్కర్లేదు, పైనే ఉండాలి. మరి వెనక ఉన్న డిఫెండర్ల గతి ఏమిటంటే, వాళ్ల తిప్పలు వాళ్లవి. కెప్టెన్ గారికి ఎంత టెన్షన్‌గా ఉండేదో ఊహించుకోవచ్చు. అయినా 1991 మేలో లీగ్ ఫైనల్, ఎదురుగా మెల్‌బోర్న్ క్రొయేషియా, ఆట అయిపోవస్తుండగా కూడా 0-1. అప్పుడు జో పలట్సిడిస్ సమం చేశాడు, పెనాల్టీల్లో హెల్లాస్ గెలిచింది. కప్పు అందుకున్నది కెప్టెన్ పోస్టెకోగ్లూ.

ఆ కుర్రాడు తర్వాత కోచ్ అయ్యాడు, అదే క్లబ్బుని గెలిపించాడు, ఆస్ట్రేలియా జాతీయ జట్టుని నడిపాడు, జపాన్‌లో లీగ్ గెలిచాడు, స్కాట్లాండ్‌లో సెల్టిక్‌కి ఒకే సీజన్‌లో మూడు కప్పులు తెచ్చాడు, 2025 మే 21న ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌కి యూరోపా లీగ్ సాధించి పెట్టాడు. అంతకుముందు పదిహేడేళ్లుగా ఆ క్లబ్బుకి కప్పన్నది లేదు. ఎక్కడికెళ్లినా ముందుకెళ్లి ఆడటమే, వెనక ఖాళీ వదిలేస్తాడని తిట్లు తినడమే. ఆ తిట్లు ఎక్కడ నుంచి వారసత్వంగా వచ్చాయో చెప్పక్కర్లేదు. ఇంకో మాట, ఆ యూరోపా ఫైనల్ జరిగింది బిల్బావోలో, 1956లో దేశం లేకుండా పోయిన హోన్వెద్ జట్టు ఓడిన ఊళ్లోనే. (టాటెన్‌హామ్ వాళ్లు పదహారు రోజులకే అతన్ని తీసేశారనుకోండి. కోచ్ ఉద్యోగం కన్నా అద్దె ఇల్లు నయం.)

మా మేనల్లుడు ఒకడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాడు. అక్కడ పుస్కాస్ విగ్రహం ఉందని నేను చెప్పేదాకా వాడికి తెలియదు, రోజూ ఆ దారినే ఆఫీసుకి వెళ్తాడు. 2017లో పెట్టారు దాన్ని. మూడేళ్లు మాత్రమే ఉన్న ఊళ్లో, చనిపోయిన పదేళ్ల తర్వాత, కోచ్‌గా చేసిన పనికి విగ్రహం పెట్టారు. జీరోలకి పెడతారా చెప్పండి.

సొంత దేశంలో చేసింది మాత్రం కలిసిరాలేదు, అది కూడా రాయాలి. 1956లో బయటికొచ్చినవాడు మళ్లీ హంగేరీలో అడుగుపెట్టింది 1981లో. పాతికేళ్లు. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక అక్కడికే తిరిగి వెళ్లి స్థిరపడ్డాడు, 1993లో జాతీయ జట్టుకి తాత్కాలికంగా కోచ్‌ని చేశారు, నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. డబ్లిన్‌లో ఐర్లండ్ మీద 0-2 నుంచి లేచి 4-2తో గెలిచిన మ్యాచ్ ఒకటుంది అందులో, అది పుస్కాస్ మార్కు మ్యాచ్. మిగతావాటి గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. అప్పటికి హంగేరీ ఫుట్‌బాల్‌లో ఏమీ మిగల్లేదు, దేవుడొచ్చినా చేయగలిగింది లేదు. 2000లో మతిమరుపు జబ్బు అని తేలింది. 2006 నవంబర్‌లో పోయాడు. బుడాపెస్ట్‌లో పెద్ద చర్చి కింద సమాధి చేశారు, జాతీయ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. పారిపోయిన సైనికుడికి.

ఇదంతా మన పేపర్లో ఎందుకు అని మీరు అడగొచ్చు. సంబంధం ఉందండీ. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టుని యుగోస్లావియా 10-1తో చితగ్గొట్టింది, మనవాళ్లలో చాలామంది కాళ్లకి బూట్లు లేవు. అదే యుగోస్లావియాని ఫైనల్లో ఓడించి స్వర్ణం తీసుకెళ్లింది పుస్కాస్ హంగేరీ. మన జట్టు కోచ్ హైదరాబాద్ మాస్టారు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన దెబ్బతిని ఊరుకునే రకం కాదు. ఆ తర్వాత మన ఆటలో వచ్చిన మార్పు చూస్తే హంగేరీ వాళ్లు ఆడిన తీరుని ఎంత శ్రద్ధగా చూశాడో అర్థమవుతుంది, నడిమి ఫార్వర్డ్‌ని కిందికి లాగి ఎదుటి డిఫెండర్లని తికమకపెట్టే పద్ధతిని మనవాళ్లకి అలవాటు చేశాడు. నాలుగేళ్లకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదటి రౌండ్‌లో మనకి పడింది ఎవరో తెలుసా, హంగేరీ. అక్కడ తిరుగుబాటు గందరగోళం, వాళ్ల ఫుట్‌బాల్ జట్టు తప్పుకుంది, మనకి వాకోవర్. తర్వాతి మ్యాచ్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్లాం, ఆఖరికి నాలుగో స్థానం. పుస్కాస్‌ని ఇల్లు లేనివాణ్ణి చేసిన సంఘటనే మనకి ఒలింపిక్స్‌లో దారి వదిలింది. ఆ ఆస్ట్రేలియా మ్యాచ్ జరిగింది మెల్‌బోర్న్ ఒలింపిక్ పార్కులో, 1991లో హెల్లాస్ కప్పు గెలిచింది కూడా అదే ఒలింపిక్ పార్కులో.

తర్వాత 1960 రోమ్. మేలో గ్లాస్గోలో పుస్కాస్ నాలుగు కొడితే, ఆగస్టులో ఒలింపిక్స్‌లో ఆయన పాత దేశం మన జట్టుని 2-1తో మాత్రమే ఓడించగలిగింది. ఫ్లోరియాన్ అల్బర్ట్ లాంటి మేటి ఆటగాడు ఉన్న జట్టు అది. మన ఒక్క గోల్ కొట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, బెంచ్ మీద రహీం సాబ్. ఈ మ్యాచ్ గురించి తెలుగులో సరైన వ్యాసం నేనింతవరకు చదవలేదు.

అందుకని ఒక విన్నపం. మీకు హైదరాబాద్‌లో ఇంతమంది విలేకరులు ఉన్నారు, ఐపీఎల్ వేలంలో ఎవడికి ఎంత పడిందో గంటగంటకీ రాస్తారు. వాళ్లలో ఒకరిని పాతబస్తీకి, బొల్లారానికి, అమ్ముగూడకి పంపించండి. రహీం సాబ్ కొడుకు హకీం గారు 2021లో పోయారు, ఆయన కూడా రోమ్ జట్టు మనిషే, తర్వాత కోచ్. బలరాం గారు 2023లో పోయారు. వాళ్లు చెప్పగలిగింది ఇక ఎవరూ చెప్పలేరు. కానీ ఇళ్లల్లో ఫోటోలు ఉంటాయి, ఉత్తరాలు ఉంటాయి, వాళ్ల దగ్గర ఆట నేర్చుకున్న ముసలివాళ్లు కొందరు ఇంకా సాయంత్రాలు గ్రౌండ్ గట్టు మీద కూర్చుంటున్నారు, ఎవరైనా వచ్చి అడిగితే చెప్పడానికి సిద్ధంగానే ఉన్నారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి ఉచితంగా కోచింగ్ ఇస్తున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు, అడ్రస్ కావాలంటే ఏ గ్రౌండ్‌లో చాయ్ బండి వాణ్ణి అడిగినా చెబుతాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సికింద్రాబాద్